పచ్చటి పొగ

భద్రాచలం, ఫిబ్రవరి 6
పొద్దున మంచు, తరువాత ఎండ. వంటింటి గచ్చు కుంకుడు రసంతో కడిగాను.

గోరికి,

బోనకల్‌లో మన బిడ్డ సోని దగ్గర నీ ఆయాసం కొంచెం తగ్గిందని అల్లుడు చెప్పాడు. సోనీ, ఈ ఉత్తరం మీ అమ్మకు ఒక్క మాట విడవకుండా చదివి వినిపించు. కోపం వచ్చిన చోట కూడా ఆగవద్దు.

ఇంట్లో ఇప్పుడు ఫినాయిల్ చుక్క లేదు. గచ్చుకు కుంకుడు రసం, ఇత్తడికి చింతపండు, జిడ్డుకు వంటసోడా. మొదటిసారి కుంకుడుకాయలు గింజలతోనే నలగ్గొట్టాను. పక్కింటి సోమ్లి గోడ మీంచి చూసి, "ఏంది బావా, ఇల్లు కడుగుతున్నవా, ఇంటికి తలంటుతున్నవా? గింజలు తీసి నానబెట్టు" అని నవ్వింది.

చెప్పవలసింది ఇది కాదు. పోయిన జూలైలో వరద తగ్గి మనం ఇంటికి వచ్చిన రోజు, వేడినీళ్లు, కుంకుడు రసం చాలన్నావు. "గంత బురదకు గవేం పనికొస్తయి" అని నేను బ్లీచింగ్ పౌడర్ చల్లి, దాని మీదే బాత్రూం యాసిడ్ పోశాను. రెండూ కలపవద్దని సీసా మీదే రాసి ఉంది. బడికి పోకుండానే చదువు నేర్చి ఊరందరికీ దరఖాస్తులు రాసిపెట్టే నేను, అది చదవలేదు. పచ్చటి పొగ లేచింది. నేను బయటికి ఉరికాను. నువ్వు బియ్యం డబ్బా తీస్తూ లోపలే ఉన్నావు.

దవాఖానాలో డాక్టరు అడిగితే, "కట్టెల పొయ్యి పొగ సార్" అన్నాను. సోని ఏడ్చి, ఆ పొయ్యి తీసెయ్యమంది. నువ్వు మట్టి తొక్కి పెట్టుకున్న పొయ్యిని నేనే గడ్డపారతో పగలగొట్టాను. గుమ్మంలో నిలబడి చూశావు.

తప్పు నాది. నీ పొయ్యిది కాదు. ఇంటికి వస్తావా?

లాలు

ఫిబ్రవరి 13
మబ్బు. నీ చీరలు ఉతికాను.

గోరికి,

నిన్న ఫోన్‌లో నువ్వు అన్నవి నాకు నేను మళ్లీ రాసుకుంటున్నాను.

"నాకు ఎరుకే. గా ఘాటు ఏందో తెల్వదా నాకు? నలుగుర్ల నిన్ను తిడతరని ఊకున్న. నువ్వే చెప్తవని ఆర్నెల్లు చూసిన. సోని రోజూ తిట్టేది, పొయ్యి మానకపోతివి, గిట్ల తెచ్చుకుంటివి అని. అవ్ బిడ్డా, నాదే తప్పన్న."

మళ్లీ నువ్వే అన్నావు:

"కోపం లేదు సోని నాయినా. కానీ రాను. ఇగ అడగకు."

అడగను. సోని ఫోన్ తీసుకుని పెట్టేసింది.

నీ బట్టలు సాయంత్రం బస్సుకు సోమ్లి కొడుకు భాస్కర్ తెస్తాడు. ఆకుపచ్చ చీర కొంగుకు వరద మరక ఇంకా ఉంది. నిమ్మరసం, ఉప్పు రాసి దండెం మీద వేశాను. మబ్బుకు ఆరలేదు. ఒకసారి తిప్పి వేసి వచ్చి మిగతాది రాస్తాను.