గిగాహెర్ట్జ్‌ల దొంగతనం

మంగళవారం రాత్రి

మొన్న ల్యాప్‌టాప్ ఫ్యాను శుభ్రం చేయించుకున్న లెక్చరర్ ఈరోజు మా రిపేరు షాపుకొచ్చి అందరి ముందూ అరిచాడు. "ప్రాసెసర్ మార్సేసినావేట్రా? స్పీడు రెండున్నర గిగాహెర్ట్జ్ ఉండాల, ఒకటి కూడా సూపించట్లేదు!"

బ్యాటరీ మీద, పనేమీ లేనప్పుడు ప్రాసెసరే వేగం తగ్గించుకుంటుందని చెప్పాను. వినడే! బోర్డుకే అతికి ఉన్నదాన్ని నేనెలా మారుస్తాను?

మా ఓనరు నా చెవిలో గొణిగాడు. "ఒరే, ఎప్పుడూ ఫుల్ స్పీడ్ సూపించేలా పెట్టి పంపెయ్."

ఒళ్లు మండుతున్నా పెట్టాను. స్క్రీన్ మీద స్పీడు అంకె రెండున్నర కాదు, మూడే దాటింది.

"సూసినారా, గట్టిగా అడిగితే అసలుది తిరిగి పెట్టేసినాడు" అని లెక్చరర్ ఓనరుతో నవ్వాడు. ఓనరూ నవ్వాడు.

ఇక ఆ బ్యాటరీ గంటకే అయిపోతుంది. ఈసారి బ్యాటరీ కొట్టేశానంటాడు.