గన్నేరు తీసిన చోట

చిత్తూరు

ప్రియమైన ఆదిమూలానికి,

ఫోనులో నాకు మాటలు రావు. అందుకే ఈ ఉత్తరం. మీ అక్క పోయినాక పూలు కొయ్యడానికి తప్ప పెరట్లోకి దిగలేదు. కలుపు మోకాలెత్తు పెరిగింది. మిగిలిన నేలంతా మా కుక్క రాగి తవ్వేసింది. నువ్వు ఎంతమందికో తోటలు వేసిచ్చావు. నాకొక కుర్చీకి, దానికి పరుగెత్తడానికి చోటుండేలా ప్లాను గీసి పంపు.

ఆశీస్సులతో,
చంద్రమౌళి

తిరుపతి

బావకు నమస్కారాలు.

ప్లాను ఇందులోనే ఉండాది. గోడ వెంబడి కుక్కకు దోవ వదిలినాను. ఎట్లాగూ అది ఆడనే తిరుగుతుంది, నువ్వు పాఠం చెప్పినా వినదు. బట్టల బండ పక్కన ఇసుక పోయించు, తవ్వుకుంటుంది. సపోటా నీడ నీకు. ఒకటే మాట బావా, గన్నేరు తీసెయ్యి. ఆకూ పువ్వూ కొమ్మా అంతా విషమే. రాగి కనపడిందల్లా నమిలే రకం.

నీ బావమరిది,
ఆదిమూలం

చిత్తూరు

ప్రియమైన ఆదిమూలం,

ఇసుక పోయించాను. గన్నేరు తియ్యను. మీ అక్క నాటిన చెట్టు. రోజూ ఆ పూలే దేవుడి పటాలకు పెట్టేది. ఇప్పుడు నేను పెడుతున్నాను.

నిన్న రాగి నోట్లో రెమ్మ కనపడింది. లాగి పారేశాను. రెంటిలో ఒకటే ఉండాలంటే చెట్టే ఉంటుంది. నెలాఖరుకు నా స్నేహితుడు చిన్నబ్బ వచ్చి రాగిని తన మామిడితోటకు తీసుకుపోతాడు.

చంద్రమౌళి

తిరుపతి

బావా,

చిన్నబ్బకు వద్దని చెప్పు. ఒక సంగతి నీకు చెప్పొద్దని అక్క నాతో ఒట్టు వేయించుకొనింది. ఈరోజు తప్పుతా ఉండా.

ఆస్పత్రి నుంచి వచ్చిన రోజు ఆ కుక్కపిల్లను తెమ్మని నాకు చెప్పింది అక్కే. "ఇంత జబ్బులో నీకు కుక్కెందుకక్కా?" అన్నా.

"నాకు కాదురా. నేను పోతే మీ బావ తలుపేసుకొని కూర్చుంటాడు. పొద్దున్నే ఏదో ఒకటి వచ్చి గీకల్ల. లేకుంటే తియ్యడు" అనింది.

గన్నేరు సంగతీ అప్పుడే చెప్పినా. "తీసేద్దాంలే, మందారం పెట్టుకుందాం" అనింది. ఆ పని చేయించను అక్కకు ఒంట్లో సత్తువ చాల్లేదు, అంతే.

నీ ఆదిమూలం

చిత్తూరు

ప్రియమైన ఆదిమూలం,

నీ ఉత్తరం అందిన మరునాడే చిన్నబ్బ వచ్చాడు. "ఏమప్పా, ఇచ్చే కుక్కను ఒళ్లో పెట్టుకున్నావే?" అని నవ్వాడు. కాఫీ తాగి, ఉత్త చేతులతో వెళ్లాడు.

గన్నేరును వేళ్లతో సహా తీయించాను. పొగ కూడా విషమన్నారు, కాల్చలేదు. లోతుగా పాతించాను. చివరి పూలు మీ అక్క పటానికి పెట్టాను. ఆ చోట మందారం నాటాను. రాగి పీకేసింది. మళ్లీ నాటి, చుట్టూ ఇటుకలు పేర్చాను.

సపోటా కింద కుర్చీ వేశాను. ఇంకా కూర్చోలేదు.

ఈ పొద్దున లేవాలనిపించలేదు. తలుపు గీకిన చప్పుడు వినపడింది. లేచి తీశాను.

మీ బావ,
చంద్రమౌళి