కొర్రమీనులో మా ఇంటి అక్షరం

జనవరి 19, జగిత్యాల

సంపత్ అన్న చేతులు ముప్పై ఎనిమిదేండ్లకే ఎందుకు వణికినయి? ఏండ్ల నుంచి ఇదే ప్రశ్న. సిరిసిల్లల సాంచె మగ్గం మీద తెగిన పోగును రెప్పపాటుల ముడేసేటోడు. తర్వాత తర్వాత బుక్క నోటిదాక పోకపాయె. పోయినేడు మనిషే పోయిండు.

ఇయ్యాల అన్న రక్తం రిపోర్టు మళ్ల తీసిన. ఒక జీన్‌ల ఒక్క అక్షరం తేడా. అమ్మ నుంచి వచ్చిన కాపీల అదే, బాపు నుంచి వచ్చిన కాపీల అదే. వాళ్లదీ మేనరికమే కద. ఆ తేడాతోనే రోగమా అంటే తేలలేదని ల్యాబోళ్లు రాసిండ్రు.

జనవరి 23

కాలేజీల నేను చెప్పే క్లాసులయినంక ఆ జీన్‌ను వేరే జీవులతోటి పోల్చిన. కోతి, ఎలుక, కోడి, కప్ప. ఒకదాని కింద ఒకటి పేరిస్తే మగ్గం మీది పడుగు దారాల లెక్క కనవడ్డది. కోట్ల ఏండ్లల్ల ఎన్ని అక్షరాలు మారినయో. ఆ ఒక్క చోటు మారలే. మారినది బతుకలేదనే కద అర్థం.

మా ఇంట్ల మారింది.

జనవరి 24

అమ్మ ఫోన్. నా కొడుకు అభినవ్‌కు, అన్న బిడ్డ అలేఖ్యకు ముహూర్తం దొరికిందట. వచ్చే నెల ఇరవై. మంచంల ఉన్న అన్నకు మాటిచ్చింది నేనే.

జనవరి 30

షుగర్ టెస్టని అబద్ధమాడి అభినవ్ రక్తం ఆ జీన్ పరీక్షకు పంపిన.

ఫిబ్రవరి 2, సిరిసిల్ల

నీల వదిన కొర్రమీను పులుసు చేసింది. ఇంత చదివిన ఆడబిడ్డకు ముల్లు తీసుడు రాదాయె అని నవ్వింది. అలేఖ్య పక్కన కూసోని, అత్తమ్మా, బాపుకు ఏమైందో నీ కంప్యూటర్‌ల ఏమన్న తేలిందా అని మెల్లగ అడిగింది.

ఇంకా లేదని చెప్పిన.

ఫిబ్రవరి 3

నిన్నటి చేప మతికొచ్చి కొర్రమీను జీన్ గూడ ఆ వరుస కింద పెట్టిన. ఆ చోట మా ఇంటి అక్షరమే ఉన్నది. చెరువుల హాయిగ ఈదుతది. అయితే రోగం ఆ అక్షరానిది కాదేమో. లేకుంటే చేపల ఇంకేదో అక్షరం మారి దాన్ని కాస్తున్నదేమో. ఆ కాపలా మాకు లేదేమో.

ఫిబ్రవరి 13

అభినవ్ రిపోర్టు. ఒక కాపీ ఉన్నది. అలేఖ్యకు ఎట్లాగూ ఒకటి ఉంటది, అన్నకు రెండూ అవే కద. వాళ్లిద్దరికి ఏం గాదు. వాళ్లకు పుట్టే ప్రతి బిడ్డకు అన్న గతే పట్టేందుకు నాలుగింట ఒక వంతు అవకాశం.

అక్షరమే కారణమైతే.

ఫిబ్రవరి 15

అమ్మకు సగం చెప్పిన. మీ బాపు నాకు మేనబావనే, నువ్వు మంచిగ లేవా, చేపను చూసి లగ్గం ఆపుతవా అన్నది.  నా రక్తం మాత్రం ఇప్పటిదాక పరీక్షకు ఇయ్యలే.

ఫిబ్రవరి 20, కోరుట్ల ఫంక్షన్ హాల్, పొద్దున 9.10

ముహూర్తం 10.40. అభినవ్ వచ్చి అంగీ గుండీ పెట్టుమన్నడు. నా వేళ్లల్ల రెండుసార్లు జారింది. పక్క రూముల అలేఖ్య నవ్వుతున్నది. రిపోర్టు నా పర్సుల ఉన్నది. చెప్పాల్నా వద్దా, ఇంకా తేల్చుకోలే.