బల్ల మీద రెండు డబ్బాలు

17 అక్టోబరు 2021, ఆదివారం. లామోయిల్.
ఉదయం నీళ్ల తొట్టి మీద వేలు మందాన మంచు పెంకు. పడమటి గాలి, మధ్యాహ్నానికి తగ్గింది. పొయ్యి గొట్టం విప్పి, మసి దులిపి, మళ్లీ బిగించాను.

ప్రియమైన రోవీనాకు,

ఇక్కడ నేనూ, రెండు గుర్రాలూ, కుక్కా కులాసా. అక్కడ నువ్వు బాగున్నావనీ, మీ అక్క ఆర్లిస్ తుంటి ఎముక అతుక్కుని కర్ర పట్టుకుని నాలుగడుగులు వేస్తోందనీ అనుకుంటాను. నీ ఉత్తరం మంగళవారం అందింది. మూడుసార్లు చదివాను. నాలుగోసారి నువ్వు అడిగిన ప్రశ్నల కింద పెన్సిలుతో గీతలు గీశాను, ఏదీ జవాబు లేకుండా పోకూడదని.

కుక్క కాలు మానింది. ముల్లు మొత్తం రాలేదేమో అని నువ్వు భయపడ్డావు కానీ, వచ్చింది. సీసాలో దాచాను, వచ్చినప్పుడు చూద్దువు. పై కొమ్మల ఆపిల్స్ కోశావా అన్నావు. కోశాను, రెండు బుట్టలయ్యాయి. నీలాగా ముక్కలు ఎండబెట్టబోతే మొదటి తట్ట నల్లగా మాడింది. గుర్రాలు ఏమీ అనకుండా తిన్నాయి. నిద్ర పడుతోందా అన్నావు. పడుతోంది. మంచం మీద నీ వైపు కుక్క పడుకుంటోంది. దిగమని నేను చెప్పడం లేదు.

తూటాల పెట్టె మీద చీటీ అతికించావా అని కూడా అడిగావు. దాని సంగతి ఈ ఉత్తరంలోనే కింద రాస్తాను.

ఊళ్లో సంగతులు అడిగావు కాబట్టి చెబుతాను. ఇక్కడ ఏ ఇద్దరు కలిసినా ప్రైమర్ల గురించే. తూటా అడుగున కూర్చే ఆ గోరంత టోపీ కోసం మనుషులు ఇంతగా తిరుగుతారని నేనెప్పుడూ అనుకోలేదు. అవి దొరికితే తుపాకి మందు లేదు, మందు దొరికితే గుండ్లు లేవు. వాడేసిన ఇత్తడి తొడుగుల కోసం గురి మైదానంలో పెద్దవాళ్లు మోకాళ్ల మీద పాకుతున్నారు. రూబీ లోయలో ఒకాయన తన బావి పంపు బాగుచేస్తే అర డబ్బా మందు ఇస్తానన్నాడు. రెండు రోజులు పట్టింది, చేసిపెట్టాను. తీరా ఇచ్చిన డబ్బా మీద చీటీ చిరిగిపోయి, ఎవరో చేత్తో రాసిన పేరు ఉంది. ఎవరు రాశారని అడిగితే, ఎప్పటినుంచో అలాగే ఉంది అన్నాడు. దారిలో బండి ఆపి, దుమ్ములో పోసి వచ్చాను. లోపల ఏముందో నాకు తెలియని డబ్బా నీ రైఫిల్ దగ్గరికి రానివ్వను.

ఎల్కో తుపాకి సామాను దుకాణానికి మంగళవారం లారీ వస్తుంది. సెప్టెంబరు మూడో వారం నేనూ వెళ్లి వరుసలో నిలబడ్డాను. మనిషికి ఒకే పెట్టె అని తలుపు మీద కాగితం అంటించారు. దాంతో జనం పెళ్లాలనీ అత్తలనీ తెచ్చుకుంటున్నారు. మన ఫెర్మిన్ ఒలానో వాళ్లమ్మ గ్రాసియానాని చక్రాల కుర్చీలో తోసుకొచ్చాడు. ఆమెకు ఎనభై ఆరు, ఒళ్లో దుప్పటి.

"ఏరా గేలన్, ఒక్కడివే వచ్చావా? ఇంటికొకళ్లని తెచ్చుకోవాలిరా. నన్ను చూడు, మా అమ్మని తెచ్చా" అన్నాడు ఫెర్మిన్.

"తెచ్చావులే! చర్చికి అని చెప్పి బండెక్కించాడయ్యా వీడు" అంది ఆమె.

లోపల టాలీ, అదే ఆ దుకాణం పిల్ల, ఆమె ముందు వంగి అడిగింది. "అమ్మా, మీకు ఏ సైజు కావాలి? పెద్దదా, చిన్నదా?"

"పెద్దదే ఇవ్వు. పాలు పొయ్, చక్కెర వద్దు."

వరుసంతా నవ్వింది. ఫెర్మిన్ తల పట్టుకున్నాడు. "అమ్మా, ప్రైమర్లు అనవే!"

"నాకు తెలుసులేరా. చీకటితో లేపి, కాఫీ చుక్క కూడా పొయ్యనివాడికి ప్రైమర్లెందుకు?"

టాలీ తన ఫ్లాస్కులోంచి ఆమెకు కాఫీ పోసింది. గ్రాసియానా తాగి, తనకిచ్చిన పెట్టె కొడుక్కి ఇవ్వకుండా నా చేతిలో పెట్టింది. "ఇది నువ్వుంచుకో. వీడికిస్తే రాళ్ల మీద కాల్చి పారేస్తాడు. నీ భార్యకి ఎల్క్ దుప్పి వేటకి పర్మిట్ వచ్చిందట కదా, మంచి తూటాలు చేసిపెట్టు. కాలేయం ముక్క మాత్రం నాకు పంపాలి."

పంపుతానన్నాను. ఆ మాట అన్నప్పుడు నేను ఆమె ముఖంలోకి చూడలేదు. ఎందుకో ఇప్పుడు రాస్తాను.

నీకు తెలుసు, నీ రైఫిల్‌కి నేను ముప్పై మూడేళ్లుగా తూటాలు కడుతున్నాను. మీ నాన్న తుపాకి, పాతకాలం కొలత. తయారు తూటాలు మంచి రోజుల్లోనే దొరికేవి కావు. నా పుస్తకంలో నీ పేరుతో ఉన్న పేజీల్లో మందు మారలేదు, తూకం మారలేదు. తేదీ, గాలి, నువ్వు ఎంత దూరంలో నుంచి కాల్చావు, ఎక్కడ తగిలింది. ప్రతి ఏడాదీ నేను ఇరవై కడతాను. ఆగస్టు చివరికి ఒక్కటి కూడా మిగల్చకుండా రేకు డబ్బాల మీద కాల్చేస్తావు. మళ్లీ ఇరవై కడతాను. ఆ ఏర్పాటు నాకు ఇష్టమని ఎప్పుడూ చెప్పలేదు.

జూన్‌లో ఎల్క్ పర్మిట్ వచ్చిన రోజు గుర్తుంది. పందొమ్మిదేళ్లు దరఖాస్తు పెట్టి, లాటరీలో పేరు రాని ఏడాదికి ఒకటి చొప్పున పందొమ్మిది పాయింట్లు కూడబెట్టుకున్నావు. ఆ కాగితం పట్టుకుని వంటింట్లోంచి గుర్రాల కొట్టం దాకా చెప్పుల్లేకుండా పరుగెత్తావు. ఆగస్టులో నీ కంటి ఆపరేషన్ అయ్యాక రైఫిల్‌కి కొత్త గురి అద్దం బిగించాం. అంతలో ఆర్లిస్ మెట్ల మీద పడిందని ఫోను. ఇరవై తొమ్మిదిన వెళ్లిపోయావు. ఆర్లిస్ ఉండే కూస్ బే చేరడానికి ఒకటిన్నర రోజు. వేట సీజన్ మొదటిరోజు నవంబరు ఆరుకి వచ్చేస్తానన్నావు.

నువ్వు వెళ్లిన మర్నాడు షెడ్డులో బల్ల ముందు కూర్చున్నాను. ఎప్పుడూ నీ తూటాలు నువ్వు వాకిట్లో ఉండగానే కట్టేవాణ్ణి. కిటికీలోంచి నీ మాటలు వినబడేవి, కోళ్లనో కుక్కనో తిడుతూ. ఆరోజు ఏ చప్పుడూ లేదు. మందు డబ్బా తీసి కొలత గొట్టంలో పోశాను. అప్పుడు ఇంట్లో ఫోను మోగింది. చేరానని నువ్వు చెప్పావు. సముద్రం కిటికీలోంచి కనబడుతోందన్నావు, ఆర్లిస్ తిండి తినడం లేదన్నావు. నేను 'ఊఁ' అన్నాను. ఫోను పెట్టేశాక వెళ్లి గుర్రాల దగ్గర కంచె పని చేశాను. షెడ్డులోకి మళ్లీ నాలుగు రోజులు పోలేదు.

తిరిగి వెళ్లేసరికి గొట్టంలో మందు అలాగే ఉంది. బల్ల మీద రెండు డబ్బాలున్నాయి. నీ రైఫిల్ మందొకటి, ఫెర్మిన్ రైఫిల్ కోసం తెచ్చినదొకటి. రెండింటికీ మూతలు తీసి ఉన్నాయి. రెండూ బూడిదరంగే, గింజలు ఒకే పొడవు పుల్లల్లా ఉంటాయి. బల్ల మీద ఎప్పుడూ ఒకే డబ్బా ఉండాలి. ఈ నియమం నేను ఎంతమందికి చెప్పానో నీకు తెలుసు. ఫెర్మిన్‌కి చెప్పినప్పుడు "నువ్వు బల్ల ముందు కూర్చుంటే పాదిరీలా ఉంటావురా" అని వెక్కిరించాడు కూడా.

గొట్టంలోది అప్పుడే పారేయాల్సింది. అది పావు డబ్బా కూడా కాదు. కానీ మందు దొరకని రోజులు కదా, చేతులు రాలేదు. ఇదే అయుంటుందిలే అని నీ డబ్బాలో పోసేశాను. మూత బిగించాక అనుమానం మొదలైంది. ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. అయ్యుండవచ్చు, కాకపోవచ్చు. కాకపోతే ఆ తూటా నీ చెంప పక్కన పేలుతుంది. డబ్బా మొత్తం ఉల్లిమడిలో చల్లి, నీళ్లు పెట్టాను. ఊళ్లో గానీ, ఎల్కోలో గానీ, వెల్స్‌లో గానీ ఆ మందు ఇంకొక డబ్బా లేదు. పుస్తకంలో ఆరోజు ఏమీ రాయలేదు.

తర్వాత వారం నీ ఉత్తరం వచ్చింది. అందులో నువ్వు ఇలా రాశావు: "తూటాలు కుదరకపోతే చెప్పెయ్. సీజన్ ముందు రోజు లోపల పర్మిట్ తిరిగి ఇచ్చేస్తే పాయింట్లు పోవు. ఊరికే అంత దూరం నడుపుకుంటూ ఎందుకు, వసంతం దాకా ఆర్లిస్ దగ్గరే ఉండిపోతాను."

దానికి నేను ఇరవై సిద్ధంగా ఉన్నాయని రాశాను. అది అబద్ధం. ఒక్కటి కూడా లేదు. అందుకే పెట్టె మీద చీటీ లేదు.

తర్వాత ప్రయత్నించని దారి లేదు. నీ పాత కోటు జేబులో ఎప్పుడో మరిచిపోయినవి మూడు దొరికాయి. మూడింటితో వెళ్లినవాళ్లు లేకపోలేదు. కానీ కొత్త అద్దం గురి సరిచేసుకోవడానికే ఆ మూడూ చాలవు. గురి సరిచేసుకోకుండా, అంత పెద్ద ప్రాణిని గాయపరిచి కొండల్లోకి వదిలేసే పని నువ్వు చేయవు. చేయమని నేను చెప్పను. ఫెర్మిన్ తన రైఫిల్ ఇస్తానన్నాడు. మీ నాన్న తుపాకి తప్ప వేరేది పట్టనంటావని నాకు తెలుసు కాబట్టి నిన్ను అడగలేదు.

నిన్న వాడికి అంతా చెప్పాను. ఉల్లిమడి సంగతి విని చాలాసేపు నవ్వాడు. తర్వాత నవ్వడం మానేశాడు.

"మరి రోవీనాకి రాశావా?"

"లేదు."

"ఎప్పుడు రాస్తావు, ఆవిడ వాకిట్లో బండి దిగాకా? పందొమ్మిదేళ్ల పాయింట్లు రా అవి. మొదటిరోజు దాటితే మళ్లీ సున్నా నుంచి. అప్పటికి ఆవిడకి ఎన్నేళ్లొస్తాయో లెక్క వేశావా? లెక్కలు బాగా రాస్తావు కదా!"

నేను టోపీ తీసి దుమ్ము దులిపాను.

"పంపుల గురించి నాలుగు పేజీలు రాస్తావు. ఇది రెండు వాక్యాలు. రాయి" అన్నాడు.

రెండు వాక్యాల్లో నాకు రాలేదు, రోవీనా. వేసిన ప్రతి లెక్కలోనూ నువ్వు రావడం అనేది తూటాల తర్వాత వచ్చింది. తూటాలు అయితే వస్తావు, కాకపోతే రావు. మందు పాడైనందుకు సిగ్గుపడి అబద్ధం రాయలేదు. పర్మిట్ తిరిగి ఇచ్చేస్తే నువ్వు రావడానికి ఇక్కడ వేరే పనేమీ లేదనిపించింది. నేను నిన్ను ఎప్పుడూ ఏదీ అడగలేదు. ఎలా అడుగుతారో నాకు తెలియదు.

నీ పర్మిట్ ఈ కవరులోనే పెడుతున్నాను. తిరిగి ఇచ్చే కాగితం శుక్రవారం ఎల్కోలో వేట శాఖ ఆఫీసు నుంచి తెచ్చాను. నీ సంతకం తప్ప మిగతాదంతా నింపాను. కారణం అనే గడి ఖాళీగా వదిలాను. "తూటాలు లేవు" అని రాసుకో, వాళ్లు ఈ ఏడాది చాలా చూసే ఉంటారు. ఇరవై మూడో తేదీ లోపల పోస్టు చేస్తే చాలినంత సమయం ఉంది. వచ్చే ఏడాది పందొమ్మిది పాయింట్లతో మళ్లీ పెట్టు. అప్పటికి మందు ఎక్కడున్నా తెస్తాను.

సంతకం పెట్టాక నువ్వు ఇక్కడికి రావలసిన పని లేదు. మీ అక్కను ఈ చలిలో వదిలి రావద్దు.

ఇంకొకటి రాయాలి. ఇది నిన్న గుర్రాలకు గడ్డి వేస్తుంటే తోచింది. ఏడు వారాలు ఎందుకు తోచలేదో తెలియదు. నేను ఈ లోయ దాటి రెండు రాత్రులు ఎక్కడా ఉండలేదు కాబట్టేమో. గుర్రాలనూ కుక్కనూ ఫెర్మిన్ చూస్తానన్నాడు. ఎవరి పంపు చెడినా వసంతం దాకా బకెట్లతో తోడుకోమని చెబుతాడట. ఆర్లిస్ ఇంట్లో మెట్లకు రెండో వైపు పట్టుకోవడానికి కొయ్య లేదని రాశావు. అది నేను చేయగలను. మూడు రోజుల పని, నెమ్మదిగా చేస్తే వారం. అది అయిపోయాక కూడా నాకు తిరిగి రావాలని తొందరేమీ ఉండదు.

నేను అక్కడికి రావచ్చా?

ఇట్లు,
నీ భర్త
గేలన్