రెండు చేతులూ ఒకేసారి

బుధవారం రాత్రి

పోతిరెడ్డిపల్లిలో ఫిలిప్పీన్స్ జోడు కర్రల సాము క్లాసు. ఈరోజూ అదే తప్పు చేశాను. ఒక చెయ్యి తర్వాత ఇంకో చెయ్యి కదలాలి, నావి రెండూ ఒకేసారి దిగుతున్నాయి. ఫ్యాక్టరీలో పొద్దంతా ప్రెస్ మిషన్ బటన్లు రెండూ కలిపి నొక్కే చేతులు మరి!

"ఏందమ్మా, బట్టలు ఉతుకుతున్నవా?" అని మాస్టర్ నవ్వాడు.

నాకు జోడీగా నిలబడ్డ సుజాతక్క కూడా ప్రెస్ మిషన్ నడిపిన మనిషే. ఆమెకు కోపమొచ్చింది. "నవ్వకుండ్రి సార్. మిషన్ బటన్లు గట్ల రెండు చేతులతోని నొక్కితేనే, చేతులు ప్రెస్ కింద పడకుండ దక్కుతయి. పని జల్దీ అయితదని మా సూపర్‌వైజర్ ఒక బటన్ నొక్కిపెట్టి టేపేసిండు. ఒక్క చేత్తో నడిపిన," అంటూ వేళ్లు తెగిన ఎడమ చెయ్యి చూపించింది.

ఆ చేత్తోనే కర్ర పట్టి నాకు మెల్లగా నేర్పింది. చివరికి నా చేతులు విడివిడిగా కదిలాయి. అక్క ఎంత మురిసిపోయిందో!

రేపు నా మిషన్ బటన్‌కూ టేపు వేస్తారట. ఆ మాట ఆమెకు చెప్పలేకపోయాను.