వెనక నుంచి వచ్చిన గొంతు

మార్చి 5, గురువారం

ఎల్లుండే! కాన్సర్ట్ టికెట్ ప్రింటు తీయించి పర్సులో పెట్టుకున్నాను. ఫోన్లో ఉన్నది చాలదా అని అక్క నవ్వింది. చాలదు. ఫోన్‌లో చార్జింగ్ అయిపోవచ్చు, నెట్ పోవచ్చు, కాగితం నమ్మకంగా ఉంటుంది.

ఈ ఏడాది నా టాప్ పాటలు ఇప్పుడే తేలిపోయాయి. ఫస్ట్ ప్లేస్ ‘నీలం బస్సు’. సెకండ్ ప్లేస్ కూడా ‘నీలం బస్సే’, స్లో వెర్షన్. మిగతావాళ్ళు మూడో స్థానం కోసం కొట్టుకోవచ్చు. బస్సు కోసం ఎదురు చూస్తూ ఒకమ్మాయి తనలో తాను పాడుకునే పాట, అంతే. ప్రేమ లేదు, ఏడుపు లేదు. మా బొంగురమ్మ తప్ప ఇంకెవరూ అలా పాడలేరు. అభిమానులం అందరం ఆవిడని అలాగే పిలుస్తాం. ఆవిడకీ తెలుసు, స్టేజీ మీద ఆ పేరు వినబడితే చెయ్యి ఊపుతుంది.

మా కళ్ళద్దాల షాపులో లెన్సులు కోసే అతన్ని రీమిక్స్ అని పిలుస్తాం. ఇంటికెళ్ళి కంప్యూటర్ ముందు కూర్చుని దొరికిన పాటనల్లా ముక్కలు చేసి అతికించడం అతని పిచ్చి. ‘నీలం బస్సు’కి అతను చేసిన రీమిక్స్ బస్సు బ్రేకులు ఫెయిలైనట్టుంది. ఆ మాట అతనికే చెప్పాను. పొగడ్తగా తీసుకున్నాడు. కాన్సర్ట్‌కి అతనూ వస్తున్నాడు కానీ స్పీకర్ల పక్కనే నిలబడతాడట. అక్క రానంది. అంత జనంలో తన వల్ల కాదంది. పిరికిదానివి అని ఏడిపించాను.

మార్చి 8, ఆదివారం

బతికే ఉన్నాను.

మార్చి 12, గురువారం, మధ్యాహ్నం

ఇవాళ కూర్చోగలిగాను. వీపంతా కమిలిపోయింది. అక్క కాపడం పెడుతూ ఏడుస్తోంది. నాకు ఏడుపు రావట్లేదు.

మైదానంలోకి దిగడానికి ఒక వాలు దారి ఉంది. రెండు వైపులా ఇనప కంచె. నేను ముందే లోపలికి వెళ్ళాను. నీళ్ళ బాటిల్ కొనుక్కుందామని పైకొచ్చి మళ్ళీ దిగుతున్నాను. అప్పుడే గేటు బయట ఆగిపోయిన వాళ్ళందర్నీ ఒక్కసారిగా వదిలారు. అదే నిమిషంలో స్టేజీ మీద ‘నీలం బస్సు’ మొదలైంది. పాట వినగానే పైవాళ్ళంతా కిందికి పరుగు. కిందివాళ్ళకి జరగడానికి చోటు లేదు. మధ్యలో మేం.

మొదట నవ్వుకున్నాం. తోసుకోకండ్రా బాబూ అని ఎవరో జోకులేశారు. తర్వాత చూసుకుంటే నా కాళ్ళు నేల మీద లేవు. చేతులు ఎక్కడున్నాయో తెలియలేదు. ముందున్న మనిషి భుజం నా చెంపలో దిగబడింది. అరుద్దామంటే గాలి లేదు. స్టేజీ మీద ఆవిడకేం తెలుసు, పాడుతూనే ఉంది. మైదానమంతా ఆవిడతో కలిసి పాడుతోంది. మా అరుపులు కూడా అందులోనే కలిసిపోయి ఉంటాయి.

అప్పుడు వెనక నుంచి, సరిగ్గా నా మెడ దగ్గర, ఒక ఆడ గొంతు. పీల్చు, అంది. వదులు, అంది. అరవకు, అరిస్తే ఉన్న గాలి కూడా పోతుంది, పీల్చు. చాలా నిదానంగా. ఆమె పీల్చమంటే పీల్చాను, వదలమంటే వదిలాను. నా బుర్రలో ఇంకేం లేదు. ఎంతసేపో తెలియదు. ఉన్నట్టుండి ఆ గొంతు ఆగిపోయింది.

తర్వాత కంచె విరిగింది. ఎవరో నా జబ్బ పట్టుకుని పక్కకి లాగారు. వెనక్కి తిరిగాను. అక్కడ ఒకరి మీద ఒకరు పడి ఉన్నారు. ఎక్కువసేపు చూడలేకపోయాను.

నలుగురు పోయారట. అందులో ఇద్దరు ఆడవాళ్ళు. అక్క పేపరు దాచేసింది. దాచి ఏం లాభం? ఆమె ముఖం నేను చూడనే లేదు. ఫొటో చూసినా పోల్చుకోలేను.

మార్చి 16, సోమవారం

షాపుకి వెళ్ళాను. ఓనరు సెలవు పొడిగిస్తానన్నాడు, నేనే వద్దన్నాను. ఇంట్లో ఉంటే గోడలు దగ్గరికొస్తున్నట్టుంది.

పదకొండింటికి ఒక పెద్దాయన కళ్ళు టెస్ట్ చేస్తున్నాను. రెండో వరుస చదవండి అన్నాను. ఆయన చదువుతుంటే షాపు స్పీకర్లో ‘నీలం బస్సు’ వచ్చింది. చేతిలో ఉన్న లెన్సు జారి నేల మీద పడింది. వెనక ఎవరో ఉన్నారని గబుక్కున తిరిగాను. గోడ. గోడకి వీపు ఆనించి నిలబడ్డాను. పెద్దాయన ఒంటికన్నుతో నన్ను చూస్తూ, అమ్మాయ్, కళ్ళు బాలేనివి నావా నీవా, అన్నాడు. రీమిక్స్ పరిగెత్తుకెళ్ళి స్పీకర్ ఆపేశాడు. ఓనరుతో వైరు పోయిందని చెప్పాడట.

మార్చి 19

స్నానాల గదికి గడియ పెట్టుకోలేకపోతున్నాను. అక్క బయట స్టూలేసుకుని కూర్చుంటోంది. నన్ను పిరికిదానివి అనట్లేదు.

మార్చి 24, మంగళవారం

ఆ పాట ఎక్కడ లేదు? నలుగురు పోయాక ఇంకా పెద్ద హిట్టయింది. కూరగాయల బండి మీద ఉంది. పైవాటా వాళ్ళ రింగ్‌టోన్ అదే. జిమ్ వెర్షన్, ఫ్లూట్ వెర్షన్, చిన్నపిల్లల వెర్షన్. ఫ్లూట్ వాడు అసలు శ్రుతిలోనే లేడు. భయంతో కాళ్ళు చల్లబడుతున్నా చెవి మాత్రం తప్పులు పట్టుకుంటూనే ఉంది. నన్ను చూస్తే నాకే నవ్వొచ్చింది. కాసేపే.

సాయంత్రం అక్క బీరువాలో పేపరు దొరికింది. పోయిన ఇద్దరు ఆడవాళ్ళలో ఒకరు కాలేజీ అమ్మాయి. నేను విన్నది చిన్నపిల్ల గొంతు కాదు. రెండో ఆవిడ ఈత నేర్పే టీచర్.

ఈత టీచర్. ఊపిరి పీల్చడం, వదలడం ఆమె పనే కదా.

అన్నం ముట్టలేదు.

ఏప్రిల్ 2, గురువారం

కాన్సర్ట్‌కి వెళ్తే వీడియో తీయను. ఆడియో ఒక్కటే రికార్డ్ చేసుకుంటాను. ఆ రోజు కూడా ఫోన్ మెడలో చిన్న సంచీలో ఆన్‌లోనే ఉంది. అద్దం పగిలింది కానీ ఫైల్ ఉంది. దాని జోలికి ఇంతవరకూ వెళ్ళలేదు.

భోజనాలప్పుడు రీమిక్స్‌కి చెప్పాను. ఈత టీచర్ గురించి కూడా. అతను ఎప్పుడూ ఏదో వాగుతూనే ఉంటాడు, ఇవాళ డబ్బా మూత పెట్టేసి వింటూ కూర్చున్నాడు. నేను పాట తీసేసి గొంతొక్కటే ఉంచగలను, నువ్వు పాట వినక్కర్లేదు, అన్నాడు. ఆమె గొంతు విన్నాక ఏం చేస్తావ్ అని అడిగాడు. ఏం చేస్తానో నాకు తెలియదన్నాను. ఫైల్ పంపాను. 

ఏప్రిల్ 6, సోమవారం

రీమిక్స్ షాపుకి రాలేదు. ఫోన్ చేస్తే మొత్తం విన్నానన్నాడు. తను స్పీకర్ల పక్కన డాన్స్ చేస్తున్న టైమ్ అదే అన్నాడు. గొంతొక్కటే ఉంచిన ఫైల్ పంపి పెట్టేశాడు.

ఏప్రిల్ 9, గురువారం

విన్నాను. పగలే, వంటింట్లో, అక్క నా చెయ్యి పట్టుకుని ఉండగా.

పాట దాదాపు లేదు. గుడ్డ నలిగిన చప్పుడు, ఎవరిదో మూలుగు, నాదేనేమో. ఆ పైన ఆమె. పీల్చు. ఆ, అంతే. వదులు. అరవకు. పీల్చు. అంతే, అంతే. నేననుకున్న దానికంటే వయసైన గొంతు. కొంచెం ముక్కుతో మాట్లాడుతుంది. చివర్లో పీల్చు అనబోయి ‘పీ’ దగ్గర తెగిపోయింది. తర్వాత ఆమె లేదు.

అక్క నా చేతిని నొప్పెట్టేలా నొక్కింది.

ఏప్రిల్ 11, శనివారం

ఈత కొలనుకి వెళ్ళాను. బస్సులో నిలబడాల్సొచ్చి మధ్యలో దిగిపోయి నడిచాను.

నోటీసు బోర్డు మీద ఆ టీచర్ ఫొటో ఉంది. పొట్టి జుట్టు, మెడలో విజిల్. ఆఫీసులో మేనేజరమ్మకి ఎందుకొచ్చానో దాచకుండా చెప్పేశాను. కసిరి పంపేస్తుందనుకున్నాను. ఆమె నన్నలా చూసి, ఫోన్ తీసి ఒక వీడియో పెట్టింది. టీచర్ గట్టు మీద నిలబడి పిల్లల్ని కేకలేస్తోంది. కాళ్ళు ఆడించండర్రా, నిద్రపోతున్నారా, అంటోంది.

సన్నటి, పదునైన గొంతు.

ఆమె కాదు.

గుండెల మీంచి బరువు దిగింది. ఎంత సంతోషమేసిందంటే నవ్వాను కూడా. ఎదురుగా ఉన్న మేనేజరమ్మ తన ఫ్రెండైన ఆ టీచర్ వీడియోని ఇంకా ఆపలేదు, చూస్తూనే ఉంది. నిన్ను కాపాడినావిడ ఈవిడైతే బాగుండునమ్మా, కనీసం చివర్లో ఎవరికో పనికొచ్చిందని అనుకునేదాన్ని, అంది.

బట్టలు మార్చుకునే గదుల ముందు బల్ల మీద చాలాసేపు కూర్చున్నాను.

ఏప్రిల్ 13, సోమవారం

అయితే ఆమె బతికే ఉందా? ఆసుపత్రిలో ఇంకా స్పృహ రానివాళ్ళు ఉన్నారట. రీమిక్స్ సలహా మీద ఆ గొంతుని మా బొంగురమ్మ ఫ్యాన్స్ గ్రూపులో పెట్టాను. ఈ గొంతు ఎవరిదో తెలిస్తే చెప్పండి, అని నా నంబరు కూడా రాశాను. తొందరలో రెండుసార్లు పోస్టయింది.

ఏప్రిల్ 15, బుధవారం

ఎవడో ఆ గొంతుకి బీట్ పెట్టాడు. పీల్చు, వదులు, పీల్చు, వదులు, కింద డ్రమ్. జనం దానికి డాన్సులు చేస్తున్నారు. తీసేయమని మెసేజ్ పెట్టాను. దండం పెడుతున్న బొమ్మ పెట్టి, వైరల్ అయింది మేడమ్, అన్నాడు.

నేనే ఇచ్చాను వాళ్ళకి. 

ఏప్రిల్ 19, ఆదివారం, ఉదయం

తెలియని నంబరు. ఎత్తాను. కాసేపు ఊపిరి చప్పుడు. తర్వాత ఆ గొంతు, అదే, ముక్కుతో. ఏమ్మా, నా గొంతుకి డప్పు కట్టింది నువ్వేనా, అంది.

నేలమీద కూలబడ్డాను. అక్క పరిగెత్తుకొచ్చి ఫోన్ లాక్కుని, ఎవరండీ మీరు అని గట్టిగా అరిచింది. అట్నుంచి ఏం చెప్పారో, ఉన్నపళంగా నా పక్కన కూర్చుండిపోయింది.

ఏప్రిల్ 26, ఆదివారం

వెళ్ళొచ్చాను. ఆవిడ ప్రసూతి ఆసుపత్రిలో నర్సు. చాలా ఏళ్ళుగా లేబర్ రూమ్‌లోనే డ్యూటీ. ఆ డప్పు పాటని ఎవరో వార్డులో ఫోన్లో పెడితే తోటి నర్సులు ఒక్క ముక్కలో గుర్తుపట్టేశారట. మీ డైలాగే కదా సిస్టర్, అని.

తలుపు ఆవిడే తీసింది. లావుగా, పొట్టిగా ఉంది. పక్కటెముకలు రెండు విరిగాయి, బెల్టు కట్టుకుని ఉంది. నేను ఆవిడ రెండు చేతులూ పట్టుకుని, దారంతా అనుకుంటూ వచ్చిన మాట అనేశాను. మీరు చెప్పబట్టే బతికాను, అన్నాను.

ఆవిడ నా చేతుల్లోంచి చేతులు తీసుకోకుండానే, నీకు చెప్పలేదమ్మా, అంది.

అర్థం కాలేదు.

నాకు నేనే చెప్పుకున్నా, అంది. ముందు మనిషి ఉందని తెలుసు, ఎవరో ఏంటో తెలీదు. నీ వీపు నా ఛాతీని నొక్కేసింది. ఇక పోతానని తెలిసిపోయింది. నొప్పులొస్తున్న ఆడపిల్లలకి రోజూ చెప్పే మాట కదా, నోరు దానంతటదే అందుకుంది. ఆ రోజు బెడ్డు మీద ఉన్నది నేనే అనుకో. చివర్లో లోపల పుటుక్కుమంది. మాట రాలేదు. అంతే.

ఆ బెల్టు వంక చూశాను. అయితే అవి విరగ్గొట్టింది నా వీపేనా అని అడిగాను. నీదో, నీ ముందున్న వెయ్యిమందిదో, అంది. నవ్వబోయి నొప్పికి పక్క పట్టుకుంది. నవ్వించకు తల్లీ, దగ్గు కంటే నవ్వే ప్రమాదం, అంది.

ఆ రోజు కాన్సర్ట్‌కి ఆవిడ ఒంటరిగానే వచ్చిందట, బొంగురమ్మ అంటే ప్రాణమట. డ్యూటీ రూమ్‌లో అవే పాటలు పెట్టి డాక్టర్లతో తిట్లు తింటుందట. స్లో వెర్షన్ అసలు పాటే కాదు, జోలపాట అంది. కాసేపు గట్టిగానే వాదించుకున్నాం. తర్వాత ఆవిడే నెమ్మదిగా అడిగింది, మళ్ళీ విన్నావా అని. లేదన్నాను. తనూ వినలేదట. లేబర్ రూమ్ తలుపు మూస్తే చెమటలు పడుతున్నాయట. ఓపీలో చీటీలు రాసే పనికి మార్పించుకుంది. పిల్లల మొదటి ఏడుపు వినక ఎన్నాళ్ళయిందో, అంది. అప్పుడు మాత్రం ఆ గొంతు నిదానంగా లేదు.

ఇద్దరం ఉన్నాం కదా, పెడదామా, అంది. ఫోన్ టేబుల్ మీద పెట్టి నొక్కింది. గిటార్ మొదలైంది. ఆవిడ ముఖంలో రక్తం లేదు. నా ముఖం ఎలా ఉందో ఆవిడకే తెలియాలి. మొదటి లైన్ రాకముందే నాలుగు చేతులూ ఒకేసారి ఫోన్ మీద పడ్డాయి. ఎవరం ఆపామో తెలియదు.

టీ పెట్టింది. తలుపులన్నీ తెరిచే ఉంచింది.

మే 9, శనివారం

ఆవిడ లేబర్ రూమ్‌కి ఒక్క పూట తిరిగి వెళ్ళిందట. తలుపు ఓరగా తెరిచి ఉంచమని అడిగిందట. మగపిల్లాడు. ఫోన్లో ఆ ఏడుపు వినిపించింది. వెనక ఎవరో, సిస్టర్, ఇక్కడ ఫోన్ ఏంటి, అని అరుస్తున్నారు.

మే 31, ఆదివారం

బొంగురమ్మ కాన్సర్ట్ మళ్ళీ, ఈసారి చిన్న హాలు. నంబర్లున్న కుర్చీలు. తలుపు పక్కవి రెండూ మావి, నాకూ సిస్టర్‌కీ. మొదటి పాటకే జనం లేచి నిలబడ్డారు. నేను ఆవిడ వైపు చూసేసరికి ఆవిడ అప్పటికే బయట ఉంది.

వరండాలో బల్ల మీద కూర్చున్నాం. గోడ అవతలి నుంచి డ్రమ్ ఒక్కటే వస్తోంది. ఏ పాటో పోల్చుకోలేకపోయాం. గార్డు వచ్చి లోపలికి వెళ్ళరా అన్నాడు. ఇక్కడ బాగుందన్నాను.

రాత్రి డ్యూటీ చేసి వచ్చింది కదా, ఆవిడ నా భుజం మీద వాలి నిద్రపోయింది. మొత్తం బరువు నా మీదే. లోపల అందరూ అరుస్తున్నారు. నేను కదల్లేదు.