ఫొటోలోని కళ్లద్దాలు

కంబదూరు, 1962 మార్చి, శుక్రవారం

కంటి శిబిరంలో ఆపరేషన్ చేయించుకున్న గొర్రెల నారమ్మవ్వ ఇంటికి వెళ్లాను. గోడ పట్టుకుని నడుస్తోంది. శుక్లం తీసిన కంటికి మందపాటి అద్దాలు లేకపోతే ఏమీ ఆనదు. అవి ఇంకా రాలేదు.

"ఏమప్పా, నాకు కండ్లు వచ్చినాయని పేపర్లో రాసినావంట? మా కోడలు అది సదివిచ్చుకొని నన్ను గొర్రెల కాడికి తోలింది. నిన్న గొర్రెపిల్ల ఒగటి ఎండు బావిలో పడె. రేపూ పొమ్మంటాంది. నువ్వే వచ్చి కాసుకో," అంది.

తిరిగొచ్చేసరికి నా కాళ్లు పీకుతున్నాయి. సవరణ రాయాలి. ఎడిటర్ వేస్తాడో లేదో...

మేం వేసిన ఫొటోలో అవ్వ అద్దాలతోనే ఉంది. ఫొటో తీయగానే శిబిరం వాళ్లు వాటిని తీసి, తర్వాతి ఫొటో కోసం పక్క ముసలాయనకు పెట్టారు. అప్పుడు నేను అక్కడే ఉన్నాను.